ప్రయాణికులకు గమనిక

పాప ఇంట్లో లేదు.

స్కూలు సంచీ మంచం మీద ఉంది, చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి, పాప మాత్రం లేదు.

పాప తండ్రి బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. అప్పుడే రైలు దిగి ఇంటికొచ్చాడు. భార్య పోయినప్పటి నుంచి అతనికి ఆకలీ, కోపమూ, భయమూ అన్నీ ఒకేలా ఉంటున్నాయి. ఇలాంటప్పుడు కంగారు పడాలని తెలుసు. పడలేకపోయాడు.

"పై అంతస్తులో రైలుతాత దగ్గరుంటుంది చూడు తమ్ముడూ," అంది పక్కింటి అక్క. "సాయంత్రమైతే పిల్లలంతా అక్కడే. బొమ్మరైళ్లు నడిపిస్తాడు."

"ఎవరాయన?"

"ఏమో. కొత్తగా దిగాడు. పాపం, మాట రాదు."

మాస్టరు మెట్లెక్కుతుంటే ఎవరో ఆడపిల్ల గొంతు వినిపించింది.

"ప్రయాణికులకు గమనిక. చాక్లెట్‌పురం నుంచి నిద్రపేట మీదుగా సెలవులపల్లి వెళ్లు బండి, మరికొద్దిసేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చుచున్నది."

ఎక్కడా తడబాటు లేదు. పాటలా సాగిపోయింది.

ఎవరి బిడ్డో, కన్నవాళ్లు అదృష్టవంతులు అనుకున్నాడు. తన పాపకు నత్తి. సొంత పేరు చెప్పాలన్నా మాట గొంతులో ఇరుక్కుంటుంది. ఇరుక్కోగానే మిగతా సగం మాస్టరే పూర్తి చేసేస్తాడు. పొద్దున అతనికి రైలు, సాయంత్రం వంట. మాట బయటికొచ్చేదాకా కూర్చునే తీరిక ఎక్కడిది?

తలుపు తోశాడు. ఆ గొంతు టక్కున ఆగిపోయింది.

గదంతా పట్టాలు. మంచం కింద సొరంగం, రెండు పీటల మధ్య వంతెన. ఎర్ర ఇంజను పెట్టెల్ని లాక్కుంటూ గిర్రున తిరుగుతోంది. చుట్టూ నేల మీద ఆడపిల్లలు, మగపిల్లలు. మధ్యలో మండువేసవిలో మెడకు మఫ్లరు చుట్టుకున్న ముసలాయన. చూపుడువేలు గాలిలోకి ఎత్తి అలాగే ఉండిపోయాడు.

"నీకిక్కడేం పని?" అన్నాడు మాస్టరు కూతురితో.

"నా... నాన్నా, తాత స్టే... స్టే..."

"స్టేషన్ ఆట. కనబడుతోంది. నడు."

"కా... కాదు. తాత స్టే..."

"విన్నానమ్మా. నడు."

ముసలాయన పక్కనున్న పలక అందుకుని ఏదో రాయబోయాడు.

"అవన్నీ చదివే ఓపిక నాకు లేదండీ. మా పిల్లకు నత్తి. మాట్లాడేవాళ్ల మధ్య ఉంచమన్నాడు డాక్టరు. మీ దగ్గర కూర్చుంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇకమీదట రానివ్వకండి."

ఆయన పలక కింద పెట్టి, మీట తిప్పి, రైలు ఆపేశాడు.

పాప మళ్లీ పైకి వెళ్లలేదు. తండ్రి గీసిన గీత దాటే పిల్ల కాదు.

మెల్లగా ఇంట్లో కూడా నోరు విప్పడం మానేసింది. అవునంటే తల ఊపుతుంది, కాదంటే అడ్డంగా ఊపుతుంది. ఇల్లు మరీ నిశ్శబ్దమైంది. మాస్టరుకు అదీ అలవాటైపోయింది.

వేసవి దాటాక ఓ సాయంత్రం పక్కింటి అక్క గుమ్మంలో ఆపింది.

"రైలుతాత పోయాడు తమ్ముడూ. ఆస్పత్రిలో చేర్చారట, అక్కడే."

"అయ్యో," అన్నాడు మాస్టరు. అనాలి కాబట్టి అన్నాడు.

పాప విన్నది. ఏడవలేదు. అన్నం మాత్రం ముట్టలేదు.

ఆ తర్వాత స్కూలు పెద్ద టీచరమ్మ పిలిపించింది. "పిల్ల పెదవి విప్పడం లేదు. ఇలాగైతే మా దగ్గర ఉంచుకోలేం. ఎవరైనా పెద్ద డాక్టరుకు చూపించండి."

మాస్టరు సెలవు పెట్టి పాపను స్టేషనుకు తీసుకెళ్లాడు.

ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. నెత్తిమీద మైకు మోగింది. "ప్రయాణికులకు గమనిక..." నిండైన మగ గొంతు, ఏ తొందరా లేదు. ఏళ్ల తరబడి రోజూ చెవిన పడేదే. మాస్టరు ఎన్నడూ విన్నది లేదు.

"మన బండే. పద."

పాప కదల్లేదు. తలెత్తి మైకు వైపే చూస్తోంది.

"పదమ్మా, సీట్లు దొరకవు."

మైకు ఆగింది. పాప మొదలుపెట్టింది. మైకు చెప్పిందంతా మెల్లగా, అదే ఎత్తుపల్లాలతో, ఎక్కడా ఆగకుండా తిరిగి చెప్పింది.

మెట్ల మీద విన్న గొంతు అది.

మాస్టరు చేతిలోని సంచీ కింద పెట్టాడు. బండి వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. అతను ఎక్కలేదు.

"ఆ రోజు పైన చెప్పింది నువ్వేనా?"

పాప తల ఊపింది.

"ఎవరు నేర్పారు?"

"తా... తాత. వే... వేలు పైకెత్తితే గొంతు పై... పైకి. దించితే కిందకి."

"ఆయనకు మాటే రాదు కదమ్మా. ఆయనకెలా తెలుసు?"

"నా... నాన్నా, తాత స్టే... స్టే..."

మిగతా మాట మాస్టరు నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకున్నాడు. బండి కూత వేసింది. కదిలింది. పాప ముఖం ఎర్రబడింది, మెడ నరాలు బిగిశాయి. మాస్టరు పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది.

"స్టే... స్టేషన్లో పని చేసేవాడు. గొం... గొంతుకి ఆపరేషన్ కాకముందు. అప్పుడు రికార్డు చేసిందే ఇ... ఇప్పటికీ పెడతారు," అంది పాప. "మనం ఇప్పుడు వి... విన్నది తాత గొంతే నాన్నా."