విలన్‌కి వ్యాపారం తెలీదు

“అబ్బే, ఇదంతా శుద్ధ తప్పు!” టీవీ మీదికి చెయ్యి విసిరాడు కొడుకు.

సీరియల్లో ఓ చిన్నపిల్ల మంచం పట్టింది. పొలంలో కొట్టిన, గడువు తీరిన మందుల వల్లేనంటూ ఆ ఇంటిల్లిపాదీ పురుగుమందుల దుకాణదారు కాలర్ పట్టుకున్నారు. ఇక్కడ సోఫాలో కూర్చుని చూస్తున్నదీ పురుగుమందుల దుకాణదారే. ఒళ్లు మండదూ?

“ఏం తప్పురా?” ముక్కు చీదుకుంటూ అడిగింది అమ్మ. ఆ సీరియల్ వస్తుంటే ఆవిడ ఒళ్లో రుమాలు ఉండాల్సిందే.

“డేటయిపోయిన డబ్బా ఎవడైనా అంత బాహాటంగా అమ్ముతాడా? లేబుల్ మార్చి అమ్ముతాడు గానీ!”

“అలాగా! ఊరికే ఊడొచ్చేస్తుందేంటి లేబుల్?”

“హెయిర్ డ్రయ్యర్ పెడితే సరి. అదే వస్తుంది.”

“అందుకా నా డ్రయ్యర్ కనబడనిది!” వంటింట్లోంచి అరిచింది కోడలు.

రెండు వారాలు తిరక్కుండానే, సీరియల్లో విలన్ హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని డబ్బాల ముందు కూర్చున్నాడు.

కొడుకు చేతిలో కాఫీ చొక్కా మీద ఒలికింది. “ఎవరో ఉప్పందిస్తున్నారు!” అంటూ భార్య వంక అనుమానంగా చూశాడు.

“నన్ను చూస్తారేంటండీ? అంత తీరికే ఉంటే, ముందు నా డ్రయ్యర్ వెతుక్కుంటాను.”

“మీ గొడవ తర్వాత. ఒరేయ్, మిగతా డబ్బాలన్నీ ఎక్కడ దాచుంటాడంటావు, ఆ దుర్మార్గుడు?” టీవీ మీంచి కళ్లు తిప్పకుండా అంది అమ్మ.

“ఎక్కడేంటి, మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకాల. కొట్లో పెట్టుకుంటాడా ఎవడైనా?” చొక్కా తుడుచుకుంటూ విసుక్కున్నాడు కొడుకు.

ఆ నెలాఖరుకి సీరియల్లో ట్యాంకు వచ్చింది. దాని వెనకాల డబ్బాలూ వచ్చాయి.

ఇక దుకాణానికి వచ్చినవాళ్లంతా ముందు లేబుల్ని గోటితో గీకి చూడడం మొదలెట్టారు. ఒక పెద్దాయనైతే, “మేడ ఓసారి చూపిస్తావా బాబూ?” అన్నాడు. బేరాలు చచ్చిపోయాయి. ఇంకొన్నాళ్లిలా సాగితే కొట్టు మూసుకోవడమే.

సీరియల్లో పిల్లకి ఊపిరి అందడం లేదు. డాక్టరు పెదవి విరిచాడు.

“ఆ పసిదాని ఉసురు వాడికి తగలదంటావా?” అమ్మ రుమాలు కళ్లకద్దుకుంది.

కొడుకు లేచి వెళ్లిపోయాడు. ట్యాంకు వెనకాల డబ్బాలన్నీ దింపించి, వ్యానుకెక్కించి, కంపెనీకి తిప్పి పంపేశాడు. వచ్చి డ్రయ్యర్ భార్య చేతిలో పెట్టాడు. తర్వాత అమ్మ పక్కన కూలబడ్డాడు.

“ఇక పాత సరుకు జోలికి పోనమ్మా. ఒట్టు.”

అమ్మ అతని తల నిమిరింది.

మర్నాడు పార్కులో నడకకని బయల్దేరిన అమ్మ, ఎప్పటిలాగే సీరియల్ ఆఫీసుకెళ్లి తన కుర్చీలో కూర్చుని, కలం పట్టుకుని ఎదురుచూస్తున్న అమ్మాయితో “ఇక ఆ పిల్లని బతికించేద్దాం, రాసుకోమ్మా” అంది.