బోరు బండి నంబరు

రంజాన్, నిన్న నువ్వన్న మాట నాకింకా మండుతాండాది. భారతిని ప్రేమించి, ఆ పిల్ల నంబరుకు 'బోరు బండి' అని పేరు పెట్టుకునే మగోడు యాడన్నా ఉంటాడా అంటివి. నీకేమప్పా, మీ ఇంట్లో ఎవురి సెల్లు వాళ్లది. మా ఇంట్లో అందరికీ ఒకటే, మోగితే ఎవురైనా ఎత్తుతారు.

పొద్దున నేను లేనప్పుడు మోగింది. చెల్లెలు పేరు చదివింది. చేన్లో బోరు ఏపిచ్చేకి రెండు నెల్లుగా బోరు బండి కోసం కాచుకోనుండే మా నాయన సెల్లు లాక్కున్నాడు. ఆడగొంతు విని, బండోళ్ల ఆఫీసు పాప అనుకున్నాడు.

"మీరొస్తేనే మా బతుకులు బాగుపడేది తల్లీ. ఈపొద్దే రాండి, టెంకాయ కొట్టి పిల్చుకుంటాం."

నేను ఇంటికొచ్చినాక భారతి మళ్లా ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "మీ నాయనకు కులం పట్టింపని చెప్పి రెండేండ్లు నన్ను దాచిపెడితివే, ఇంత మంచి మనిషిని పట్టుకొని. మా నాయనను పిల్చుకొని వస్తాండా."

నేను నోరు తెరిచేలోపల పెట్టేసింది.

మా నాయన అప్పుట్నుంచి టెంకాయ, పసుపు, పూలు పట్టుకొని రోడ్డు మీదే నిలబడినాడు. చెప్పేకి నాకు ధైర్యం చాల్లేదు.

అదో, ఆటో ఆగింది. తండ్రీకూతురూ దిగినారు. మా నాయన ఎదురుపోయి, "ముందు చేను చూద్దురు రాండి" అంటాండాడు. వాళ్ల నాయన సంతోషంగా తలూపుతాండాడు.

నేను పోవల్ల రంజాన్.