పక్క కుర్చీ

"ఈ రెండో రివ్యూయర్ ఎవడో గానీ, నా ప్రాణం తోడేస్తున్నాడు!"

డయాలసిస్ వార్డులో అంత గట్టిగా అరవకూడదు. కానీ లెక్చరర్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఒళ్ళో లాప్‌టాప్. ఎదురుగా మిషన్ పక్కన నాన్న. తెరమీద, తను పంపిన పరిశోధన పేపరు గురించి బిజినెస్ జర్నల్ నుంచి వచ్చిన మెయిలు.

"మళ్ళీ వెనక్కి పంపాడా?" అడిగాడు నాన్న.

"మళ్ళీ! మొదటాయన 'బాగుంది' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. ఈయన పేజీలకి పేజీలు వాయించాడు."

"పోయి ఆయన కాళ్ళ మీద పడరాదూ?"

"ఎవరి కాళ్ళ మీదని పడను నాన్నా? పేపరు రాసిందెవరో దాన్ని చదివి తేల్చేవాళ్ళకి తెలియకూడదు, వాళ్ళెవరో నాకు తెలియకూడదు. అదీ రూలు. ఏడాది తిరిగేలోపు పేపరు ఒప్పుకోకపోతే నా ఉద్యోగం గోవిందా!"

పక్క కుర్చీలో పెద్దాయన కిసుక్కున నవ్వాడు.

ఆయనకి తోడు వచ్చేవాళ్ళెవరూ లేరు. సూది గుచ్చిన చెయ్యి కదలకుండా పెట్టుకుని, రెండో చేత్తో ఏవో కాగితాలు తిరగేస్తూ ఉండేవాడు. ఎవరైనా దగ్గరికొస్తే వాటిని బోర్లించేసేవాడు. ఆయనకి గుక్కెడు నీళ్ళందించేదీ, దుప్పటి కప్పేదీ లెక్చరరే.

"నువ్వు పక్కన లేకపోతే ఈ కుర్చీలో కూర్చోవడం నావల్ల కాదమ్మాయ్" అనేవాడు. పరిచయం కొన్నాళ్ళదే అయినా నోరారా 'నువ్వు' అనేవాడు.

"ఇంతకీ ఏమంటాడు మీ రాక్షసుడు?" అడిగాడు నవ్వుతూనే.

"ఇంటి పెద్ద పోగానే లాభాల్లో ఉన్న కొట్లు కూడా ఎందుకు మూతపడతాయన్నది నా పేపరండీ. లెక్కలన్నీ కట్టి చూపించాను. ఈయనేమో, 'మూసేసినవాళ్ళని ఒక్కరినైనా ఎందుకు మూశారని అడిగారా?' అంటాడు. ఎంత వెటకారం!"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది.

ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి, కాగితాల మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

మళ్ళీ వాళ్ళు వార్డుకి వచ్చేసరికి పక్క కుర్చీలో ఎవరో కొత్త మనిషి. పెద్దాయన ఆ చివర, గోడవైపు తిరిగి ఉన్నాడు.

"ఆయనే అడిగి మార్పించుకున్నారు" అంది నర్సు.

లెక్చరర్ వెళ్ళి, జారిపోయిన దుప్పటి సర్దబోయింది.

"వద్దండి. మీరు వెళ్ళండి."

మీరు! ఆ ఒక్క మాటకి ఆమె మనసు చివుక్కుమంది.

"నేనేమన్నా తప్పుగా మాట్లాడానా?"

"దయచేసి నాతో మాట్లాడకండి."

ఆమె తిరిగొచ్చి నాన్న దగ్గర కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోనీలే తల్లీ, ఒంట్లో బాగాలేని మనిషి" అన్నాడు నాన్న.

"నీకూ బాగాలేదుగా? నువ్వెప్పుడైనా నన్నలా కసురుకున్నావా?"

ఆ తర్వాత ఆమె అటువైపు చూడటమే మానేసింది. ఆయన నీళ్ళ కోసం నర్సుని పిలుస్తున్నా వినిపించనట్టే ఉండేది. నర్సు రావడం ఆలస్యమైనా లేచేది కాదు. అంత పంతం.

ఆ కోపమంతా పని మీద చూపించింది. రెండో రివ్యూయర్ నోరు మూయించాలని, మూతపడ్డ కొట్లవాళ్ళ ఇంటింటికీ తిరిగింది.

"నష్టమా? అబ్బే!" అన్నాడు బట్టల కొట్టాయన కొడుకు. "మా నాన్న కూర్చునే చోట ఇంకో మనిషి కూర్చుంటే చూడలేకపోయామండీ. అంతే."

గడియారాల కొట్టు కోడలూ ఇంచుమించు అదే చెప్పింది. చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ మాటల ముందు తన లెక్కలన్నీ వెలవెలబోయాయి. తిట్టుకున్న మనిషి మీద మొదటిసారి గౌరవం పుట్టింది. పేపరు మొత్తం తిరగరాసి పంపింది.

ఒకరోజు వార్డులో చివరి కుర్చీ ఖాళీగా కనిపించింది.

"నిన్న పోయారండీ" అంది నర్సు దుప్పటి మడత పెడుతూ. "అంతకుముందు ఎవరికైనా కబురు చెయ్యాలా అని అడిగితే, 'ఒకమ్మాయి ఉంది గానీ, ఇప్పుడప్పుడే చెప్పకూడదు' అన్నారు. పేరైనా చెప్పలేదు."

పాపం, ఎవరో ఆ అమ్మాయి, అనుకుంది లెక్చరర్.

కొన్ని వారాలకి జర్నల్ ఎడిటర్ ఫోన్ చేశాడు. అప్పుడూ ఆమె వార్డులోనే ఉంది.

"మీ పేపరు ఒప్పుకున్నామమ్మా."

ఆమె ఆనందం పట్టలేక నాన్న చెయ్యి గట్టిగా నొక్కింది.

"సార్, ఆ రెండో రివ్యూయర్‌కి నా నమస్కారాలు చెప్పండి. పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. నా పేపరుని నిలబెట్టింది ఆయనే."

ఎడిటర్ గొంతు తగ్గించాడు.

"చెప్పడానికి ఆయన లేరమ్మా. డయాలసిస్ మీద ఉంటూనే చదివారు. ఇక అచ్చువేయొచ్చని మాకు రాసి పంపిన మర్నాడే పోయారు."

ఆమె ఆ చివరి కుర్చీ వైపు తిరిగింది.

"రాసిందెవరో పొరపాటున తెలిసిపోయిందని, తప్పుకుంటానని మధ్యలో నాకు ఫోన్ చేశారు. ఇంకొకరికిస్తే మళ్ళీ ఏడాది పడుతుందన్నాను. 'అంతలో ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. నేనే చూస్తాను, బాగాలేకపోతే ఇప్పుడూ వెనక్కే పంపుతాను. కానీ ఇక ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడను. రేపు తననెవరూ వేలెత్తి చూపకూడదు' అన్నారు."

ఆయన నీళ్ళడిగినా తల ఎత్తని రోజులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"వింటున్నారామ్మా? ఇంకో మాట కూడా అన్నారు, అదే నాకర్థం కాలేదు... 'పేపరు ఒప్పుకున్న రోజున నర్సునడిగి మళ్ళీ నా పాత కుర్చీలోకి వెళ్ళిపోతాను' అని."