కిందింటాయన గొడవ

విమానం ఎడమ ఇంజను భగ్గున మండింది.

సరిగ్గా అప్పుడే ఇంటి తలుపు దబదబా మోగింది.

"ఎవడో చూడరా!" సోఫాలోంచి కదలకుండా అరిచాడు ట్రావెల్ ఏజెంటు.

వారమంతా జనానికి విమానం టిక్కెట్లు అమ్మడం, ఆదివారం మధ్యాహ్నం విమానాలు కూలిపోతుంటే చూసి ఆనందించడం. అదీ ఆయన సరదా. కుర్రతనంలో నేల టిక్కెట్టులో చూసిన పాత సినిమాలన్నీ వెతికి పట్టుకుని, కొత్తగా కొన్న హోమ్ థియేటర్లో ఇల్లదిరేలా వేస్తున్నాడు. పక్కన తోడుదొంగ బావమరిది. బాల్కనీ తలుపుకు అటొకటి, ఇటొకటి నిలువెత్తు స్పీకర్లు. వెలుతురు పడకుండా ఆ తలుపుకు నల్లటి కర్టెను.

బావమరిది వెళ్ళి తలుపు తీశాడు.

గుమ్మంలో కిందింటాయన. ఈమధ్యే అద్దెకు దిగాడు. నోరు తెగ ఆడిస్తున్నాడు. చేతులు ఊపుతున్నాడు. వేలు పెట్టి స్పీకర్ల వైపే చూపిస్తున్నాడు. ఆ విమానం హోరులో ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

"ఏమంటాడ్రా?"

"ఇంకేమంటాడు బావా! సౌండు తగ్గించాలట."

"పోయిన వారం కూడా ఇదే గోల. మా ఇల్లు, మా ఇష్టం అని చెప్పు."

బావమరిదికి అంత ఓపిక ఎక్కడిది? కిందింటాయన గుండెల మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు. పాపం, ఆయన మెట్ల మీద దొర్లుకుంటూ పోయాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది.

తలుపు మూసుకుంది.

"పడ్డాడా?" అన్నాడు ఏజెంటు.

"పడక? ఇంకోసారి రమ్మను, తాట తీస్తా."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

"నాన్నా, ఆపవూ, భయమేస్తోంది," అంది చిట్టి, చెవులు మూసుకుని. అయిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ డ్యూటీకి పోతూ పోతూ, దాన్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

"భయమైతే బాల్కనీలో ఆడుకో తల్లీ. అసలు సీను ఇప్పుడే."

చిట్టి బొమ్మను చంకనేసుకుని కర్టెను వెనక్కి వెళ్ళిపోయింది.

తెర మీద విమానం తోక విరిగింది. సీట్లతో సహా మనుషులు ఆకాశంలోకి ఎగిరిపోతున్నారు. పగిలిన అద్దం ఒకడి గొంతు కోసేసింది.

"ఇప్పుడు ఆ బట్టతలాయన పోతాడు చూడు!"

"పోడు బావా. పైలట్‌కు కాబోయే మామ."

"అయితే ముందు పోవాల్సింది వాడేగా!"

ఎవరో పిల్ల కెవ్వుమంది.

"అబ్బా, ఏం సౌండురా! మనింట్లోనే అరిచినట్టుంది."

కాసేపటికి తలుపు గడియ ఊడి గదిలో పడింది. కిందింటాయన! తలుపు తన్నుకుని లోపలికే వచ్చేశాడు.

"ఎంత కండకావరం రా నీకు!"

బావమరిది పిడికిలి ఆయన ముక్కు మీద పడింది. ఎముక పుటుక్కుమంది. చొక్కా అంతా రక్తం. ఆయన తిరిగి చెయ్యెత్తలేదు. వంగి, బావమరిది చంక కిందనుంచి దూరి, స్పీకర్ల వైపు పరుగెత్తాడు.

"పగలగొట్టేస్తాడ్రా, పట్టుకో!"

ఏజెంటు పంచప్రాణాలూ ఆ స్పీకర్లలోనే ఉన్నాయి మరి. చేతికందిన ఇనుప స్టాండు లాక్కుని ఆయన నడ్డి మీద ఒక్కటిచ్చాడు. కిందింటాయన కూలబడ్డాడు. అయినా ఆగలేదు. పాక్కుంటూ కర్టెను కిందనుంచి బాల్కనీలోకి దూరి, అంచు మీద బోర్లా పడ్డాడు. రెండు చేతులూ కిందికి చాచాడు.

"దూకి పారిపోదామనా?" బావమరిది కర్టెను తోసుకొచ్చి డొక్కలో తన్నాడు.

ఏజెంటు తల మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కోపంలో మనిషికి కళ్ళు కనపడవంటారు, నిజమే. అక్కడ ఉండాల్సిన రెయిలింగు లేదన్న సంగతి ఇద్దరిలో ఒక్కడికీ కనపడలేదు.

తల పగిలిపోతున్నా ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోడే! దాంతో ఏజెంటుకు ఒళ్ళు ఇంకా మండిపోయింది.

"లేవరా!" కాలరు పట్టుకుని బలమంతా పెట్టి వెనక్కి లాగాడు.

ఆయనతోపాటు చిట్టి కూడా పైకొచ్చింది.

పిల్ల చేతులను ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఊడిన రెయిలింగు ఒక కొసన గోడను పట్టుకుని కిందికి వేలాడుతోంది. ఆయన వచ్చేదాకా ఆ ఊచలు పట్టుకునే వేలాడింది పిల్ల. కింద సిమెంటు నేల.

ఏజెంటు ఇనుప స్టాండు వదిలేసి ముందుకొచ్చాడు.

"కొట్టకు నాన్నా! అంకుల్ కిందనుంచి నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు, కొట్టకు!"

చిట్టి ఏడుస్తూ ఆయన మీద పడిపోయింది. ఆయన దాని ముఖం తడిమి, ఒళ్ళంతా బాగానే ఉందో లేదో చూసి, అప్పుడు కళ్ళు మూశాడు.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉన్నాడు. వాళ్ళక్క ఊరినుంచి పరుగు పరుగున వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

పక్కన పోలీసు ఉండగానే ఏజెంటు ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు.

"నా బిడ్డను కాపాడినవాణ్ణి నా చేతులతో చంపుకున్నానమ్మా!"

"మీ రెయిలింగు ఊగిపోతోందని వీడియో కాల్లో చూపించాడు. పసిపిల్ల తిరిగే చోటు, చెప్పబోతే గెంటేస్తున్నారని వారంనుంచీ ఒకటే బెంగ వాడికి," అందావిడ. "ఎందుకయ్యా అంత పగ?"

"పగ కాదమ్మా. సౌండు తగ్గించమని గొడవకొచ్చాడనుకున్నాం."

ఆవిడ ఏడుపు ఆపి, అర్థంకానట్టు అతని ముఖంలోకి చూసింది.

"సౌండేమిటి బాబూ... మా తమ్ముడు పుట్టుచెవిటి, మూగ."