దక్షిణం గుమ్మం

“మేడమ్, మా ఇంటికి మీరు కట్టిన విలువ చాలా ఎక్కువ. మాది దక్షిణం గుమ్మం. బెంటన్‌విల్‌లో మా తెలుగువాళ్ళెవరూ కొనరు,” అన్నాను, అమెరికాలో ఇంటి పన్ను కోసం విలువ కట్టే కౌంటీ అసెసర్ ఆఫీసులో, కేరల్ గారి ఎదురుగా కూర్చుని. విలువ తగ్గితే ట్యాక్స్ తగ్గుతుంది మరి.

“అయితే మీరెందుకు కొన్నారు?”

“మా అత్తగారూ అదే అడుగుతున్నారు, కొన్న రోజు నుంచీ,” అంది పక్కనే కూర్చున్న మా ఆవిడ దేదీప్య. “ఇల్లు సెలెక్ట్ చేసింది నేను కదా! ఈయన జాబ్ పోయినా, పొయ్యి మీద పాలు విరిగినా, ఆ గుమ్మం వల్లే అంటారు.”

భలే చెప్పావని టేబుల్ కింద కాలితో తట్టాను.

కేరల్ స్క్రీన్ మీద మా ఇంటి ఫొటో పెద్దది చేసింది. “ముందు తలుపుకి అడ్డంగా పూలకుండీలున్నాయి. రోజూ లోపలికి ఎటునుంచి వెళ్తారు?”

“గరాజ్‌లోంచి. అందరిలాగే.”

“గరాజ్ పక్కకి తిరిగి ఉంది. అంటే తూర్పు.”

దేదీప్య నోరు తెరుచుకుని నా వైపు చూసింది. “రవీ! గృహప్రవేశం రోజు తాళం పట్టక గరాజ్‌లోంచే వెళ్ళాం, గుర్తుందా? మనది తూర్పు గుమ్మమే!”

“మెల్లిగా,” అన్నాను పళ్ళ బిగువున. “విలువ తగ్గించమని వచ్చాం.”

వింటేగా! లేచి కేరల్ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

“తగ్గించకపోతే పోనీండి మేడమ్. తూర్పు గుమ్మం అని రాసి, గవర్నమెంట్ స్టాంపు కొట్టివ్వండి. మా అత్తగారికి వాట్సాప్ చెయ్యాలి!”