ఆయాసానికి సాక్ష్యం

ఆయాసం నటించడం ఎంత తేలికో అశ్వత్థనారాయణకు తెలిసినంతగా ముదలియార్‌పేటలో ఇంకెవరికీ తెలియదు. కనీసం ఆయనగారి అభిప్రాయం అది. మిల్లు ఆఫీసులో పదహారేళ్ళుగా సెలవు చీటీలు చూస్తున్న గుమాస్తా. కడుపునొప్పులు, నడుంనొప్పులు, ఏడాదికి మూడుసార్లు పోయే మేనమామలు, అన్నీ చూశాడు. ఇప్పుడు కొత్తగా ఊపిరితిత్తులు బయల్దేరాయి.

వెంకటాద్రి ఇరవై ఆరేళ్ళు పత్తి ఏకే కార్డింగ్ సెక్షన్‌లో దుమ్ము మింగినవాడు. నాలుగడుగులు వేస్తే ఊపిరాడటం లేదని, దుమ్ము తగలని గేటు దగ్గర కూర్చునే పని ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. డాక్టరు గొట్టంలోకి ఊదించి, ముల్లు కదలడం లేదన్నాడు. ఊదకపోవడం వాడి ఇష్టమేగా అన్నాడు మేనేజరు. అప్పుడు డాక్టరు ఒక ఫారం ఇచ్చాడు. ఇంట్లో ఏం చేసుకోగలడో గుమాస్తాను వెళ్ళి చూడమన్నాడు. నీళ్ళు మోసుకుంటాడా? వాకిలి ఊడ్చుకుంటాడా? బట్టలు ఉతుక్కుంటాడా? చేసుకోలేకపోతే గేటు పని. చేసుకుంటే మళ్ళీ దుమ్ములోకి.

మూడు రోజుల్లో తేల్చేస్తానని అశ్వత్థనారాయణ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మొదటిరోజే కాఫీ ఆలస్యమైంది. అదేమీ కొత్త కాదు. భార్య అలివేలు చీకటితోనే వెనకవీధి కుళాయికి వెళ్తుంది, ఆరున్నరకు గాని రాదు. రెండు బిందెల నీళ్ళకు గంటన్నర. అడిగితే క్యూ అంటుంది. ఆడవాళ్ళు క్యూలో నిలబడేది నీళ్ళకు కాదు, కబుర్లకు అని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. ఒక్కటి మాత్రం కిందటేడు సమ్మె రోజుల్లోనే గట్టిగా చెప్పాడు. కూలీల ఇళ్ళ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కనివ్వనని.

ఏడింటికి వెంకటాద్రి ఇంటి ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

వెంకటాద్రి గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. మూడడుగులు వేసి ఆగాడు. మెట్టు మీద కూలబడి పళ్ళు తోముకోవడానికి పావుగంట పట్టింది. చొక్కాలో ఒక చెయ్యి దూర్చి, రెండోది దూర్చే ముందు మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పాడు. నాటకాల కంపెనీలో చేరవలసినవాడు పొరపాటున మిల్లులో చేరాడని అశ్వత్థనారాయణ నవ్వుకున్నాడు.

ఎందుకంటే వాకిలి శుభ్రంగా ఊడ్చి ఉంది. కళ్ళాపి చల్లి ముగ్గు వేసి ఉంది. తొట్టి నిండా నీళ్ళు. తాడు మీద ఉతికిన పంచె నుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి. వెంకటాద్రి భార్య పోయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. మరి ఇవన్నీ దేవుడు దిగివచ్చి చేశాడా?

మూడు రోజులూ ఇదే తంతు. దొంగ చీకట్లోనే పనులన్నీ చక్కబెట్టుకుని, తెల్లారాక ఆయాసపడుతున్నాడు. ఇంకాస్త ముందొస్తే పని చేస్తుండగానే పట్టుకోవచ్చు గాని, కాఫీ పడకుండా అశ్వత్థనారాయణ ఇల్లు కదలడు. అయినా అది మగవాడి చెయ్యేనని ఆ ముగ్గే చెబుతోంది. తామర ముగ్గంటే ఎనిమిది రేకులని చంటిపిల్లకైనా తెలుసు. వీడి తామరకు మూడు రోజులూ ఏడే. ఆ బొమ్మ కూడా ఫారం అంచున గీసుకున్నాడు.

మూడోరోజు లేచి వెళ్ళి నిలదీశాడు.

“నేను యాడ చేస్తా నాయనా,” అన్నాడు వెంకటాద్రి, మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ. “చెంబు ఎత్తితేనే ఊపిరి నిలిచిపోతుంది. ఒక తల్లి వచ్చి...”

“ఏ తల్లి? పేరేంది? ఇల్లు యాడ? ఫారంలో రాయాల. నేనే పోయి ఆమె మొగుణ్ణి అడుగుతా.”

వెంకటాద్రి తడబడ్డాడు. నువ్వెవరింటి బిడ్డవని అడిగాడు. అశ్వత్థనారాయణ దర్జాగా పేరు చెప్పాడు. ముందువీధిలో పచ్చ తలుపుల ఇల్లు తమదేనన్నాడు.

ముసలివాడు ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

“ఎవరూ రారు సామీ. అన్నీ నేనే చేసుకుంటా. రాసుకో.”

“ముగ్గు కూడానా?”

“ముగ్గు కూడా.”

మొగుణ్ణి అడుగుతాననేసరికి లేని తల్లి ఎగిరిపోయిందని అశ్వత్థనారాయణకు మహా సంబరమైంది. అక్కడే నిలబడి ఫారం నింపాడు. నీళ్ళు, తానే. ఊడ్పు, తానే. ఉతుకు, తానే. కింద తన సొంత మాట ఒకటి చేర్చాడు. ఇంటిపనిలో సగటు ఆడదానికన్నా చురుకైనవాడు, కార్డింగ్‌కు తగును. మధ్యాహ్నానికల్లా మేనేజరు ఆర్డరు వేశాడు. ఎదురుగా నిలబడిన గుమాస్తాను చూసి, నీ కంటికి ఏదీ తప్పించుకోలేదయ్యా అని మెచ్చుకున్నాడు.

ఆ సోమవారం ఎనిమిదింటి సైరన్ ఇంట్లోకి వినబడింది. వెంకటాద్రి ఈపాటికి మూతికి తుండుగుడ్డ కట్టుకుని దుమ్ములోకి వెళ్ళి ఉంటాడు. పీడా వదిలిందనుకుంటూ అశ్వత్థనారాయణ ఆఫీసుకు బయల్దేరాడు. గడప దాటుతుంటే జేబులోని కలం జారి వాకిట్లో పడింది.

దానికోసం వంగినవాడు, పెళ్ళయిన నాటినుంచి రోజూ తొక్కుకుంటూ వెళ్తున్న అలివేలు ముగ్గును మొదటిసారి సరిగ్గా చూశాడు. దాని తామరకు ఏడే రేకులు.