ముందు పెద్దవాడిది

పోయిన నెల ప్రాణం తీసుకున్న కుర్రాడి ఇంటికి ఆరోగ్యశాఖ ఉద్యోగిని వెళ్లింది. తల్లి కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

"ఇలాంటి చావులు ఎందుకు జరుగుతున్నాయో కనుక్కునే పని మన రాష్ట్రంలో ఈ ఏడే మొదలైందమ్మా. తెలిస్తే ఇంకొకరినైనా కాపాడుకోవచ్చు. మీ అబ్బాయి ఎలా ఉండేవాడు?"

తల్లి తడుముకోకుండా చెప్పింది. పని పోయినప్పటి నుంచి వాడికి ముద్ద దిగేది కాదు. పలకరిస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. బద్ధకమనుకుని తను కసురుకుంది కూడా.

ఉద్యోగిని రాస్తూ ఆగింది. "చివరిరోజు దాకా పనికి వెళ్లాడని పోలీసులు చెప్పారే?"

"వెళ్లింది చిన్నవాడు తల్లీ. నేను చెప్పింది వాడి అన్న గురించి. మూడేళ్ల కిందట వాడూ ఇలాగే పోయాడు. అప్పుడెవరూ వచ్చి అడగలేదు. చిన్నవాడి సంగతీ చెప్తాను, ముందు పెద్దవాడిది రాసుకో."